అలంకారం ఉంది సరే, ఉంటే ఏమిటి?

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న సంగతి చెప్పి మొదలుపెడతాను. చాలా ఏళ్ళ కిందట ఒక తరగతిలో పద్యం చెబుతున్నాను. పద్యం చదివాను, ప్రతిపదార్థం చెప్పాను, తాత్పర్యం చెప్పాను, చివర్లో "ఇందులో ఉత్ప్రేక్షాలంకారం ఉంది" అన్నాను. అందరూ తలలు వంచుకుని రాసుకున్నారు. రెండో వరుసలో ఒకమ్మాయి మాత్రం కలం పట్టుకుని అలాగే కూర్చుంది. "ఏమ్మా, రాసుకోలేదే?" అన్నాను. ఆ అమ్మాయి లేచి నిలబడి, ఎంతో మర్యాదగా, "ఉంది సరేనండీ, ఉంటే ఏమిటండీ?" అని అడిగింది.

ఉంటే ఏమిటి? ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. లక్షణాన్నే మళ్ళీ చెప్పాను. దేన్ని పోలుస్తామో అది ఉపమేయం, దేనితో పోలుస్తామో అది ఉపమానం, ఉపమేయాన్ని ఉపమానంగా ఊహిస్తే ఉత్ప్రేక్ష అని. అది ఆమె అడిగినదానికి జవాబు కాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ ప్రశ్నకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

మనం అలంకారాలు నేర్చుకునే పద్ధతి మీకు తెలిసిందే. పేరు, లక్షణం, ఉదాహరణ, ఆ తర్వాత లక్ష్య లక్షణ సమన్వయం. సమన్వయం అంటే ఏం రాస్తాం? ఇది ఉపమేయం, ఇది ఉపమానం, ఇది సమానధర్మం, ఇది ఉపమావాచకం, నాలుగూ ఉన్నాయి కాబట్టి ఇది పూర్ణోపమ. అక్కడితో ఆపేస్తాం. అసలు పని అక్కడే మొదలవ్వాలి. చెట్టు పేరు తెలిసినంత మాత్రాన దాని నీడలో కూర్చున్నట్టు అవుతుందా? కాదు కదా.

ఇప్పుడు మీకు ఒక వాక్యం ఇస్తాను. చాలా మామూలు వాక్యం. "సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్ళకు పోతున్నాయి." ఇది కవిత్వమా? తొందరపడకండి, కాసేపు మనసులో పెట్టుకోండి.

ఈ వాక్యం నేను కల్పించింది కాదు. "గతోఽస్తమర్కో భాతీందుః యాంతి వాసాయ పక్షిణః" అని సంస్కృతంలో పదమూడు వందల ఏళ్ళ పైనుంచీ ఆలంకారికుల మధ్య, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్ళ మధ్య, నలుగుతున్న వాక్యం ఇది. భామహుడు దీన్ని ఎత్తి చూపించి, ఇలాంటిదీ కావ్యమేనా అని అడిగాడు. అడిగి, దీన్ని వార్త అంటారు అన్నాడు. వార్త! సూర్యుడు మునిగాడు, చంద్రుడు వచ్చాడు, పక్షులు వెళ్ళాయి, ఎవరో సమాచారం చెప్పారు, అంతే. భామహుడికి మాటలో ఒక వంకర ఉండాలి. వక్రోక్తి లేకపోతే అలంకారమే లేదు పొమ్మన్నాడు.

మరి దండి? దండి సరిగ్గా ఇదే వాక్యాన్ని తీసుకున్నాడు. తీసుకుని, వేళ ఎంతయిందో తెలియజెప్పే సందర్భంలో ఇది కూడా బాగున్నదే అన్నాడు. గమనించారా? అక్షరం మారలేదు. ఒకాయన వార్త అన్నాడు, ఒకాయన బాగుందన్నాడు. ఇద్దరిలో ఎవరు ముందువారన్న వాదన పండితుల్లో ఉంది, దాని జోలికి నేను పోను. నాకు నచ్చేది దండి అన్న 'సందర్భం'. వాక్యాన్ని ఒంటరిగా నిలబెట్టి నువ్వు కవిత్వమా కాదా అని అడిగితే అది చెప్పలేదు. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఎప్పుడు అన్నారు, అవి తెలియాలి.

ఆ తర్వాత కొన్ని శతాబ్దాలకి, 11వ శతాబ్దంలో, కాశ్మీరంలో మమ్మటుడు మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. వాక్యంలో మొదటి ముక్క ఒక్కటే తీసుకున్నాడు. "గతోఽస్తమర్కః." సూర్యుడు అస్తమించాడు. ఈ మాట సేనాపతితో అంటే, శత్రువు మీద పడడానికి ఇదే అదను అని అర్థం. రహస్యంగా ప్రియుణ్ణి కలుసుకోవలసిన అమ్మాయితో చెలికత్తె అంటే, ఇక బయల్దేరు అని. పనిచేస్తున్నవాళ్ళలో ఒకరంటే, ఇక ఆపుదాం అని. పశువుల కాపరితో అంటే, వాటిని ఇంటికి తోలు అని. బయటికి పోతున్నవాడితో అంటే, దూరం పోకు అని. ఎదురుచూస్తున్న స్త్రీ తనలో తాను అనుకుంటే, ఇంకా రాలేదే అని. ఒకే వాక్యం! నిఘంటువు తెరిస్తే ఈ అర్థాల్లో ఒక్కటీ దొరకదు. దొరకదు కానీ వినేవాడికి అందుతుంది. అందేదాన్ని ధ్వని అన్నారు. దాన్ని అందించే శక్తిని వ్యంజన అన్నారు. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వనే అని గట్టిగా చెప్పాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు కాస్త దగ్గరికి వచ్చాం. వ్యంజన అన్న పేరు తెలియకముందు కూడా మనకు ఈ అనుభవం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు "టైమెంతయిందో చూశావా?" అంటే మనం గడియారం చూసి జవాబు చెప్పం. పేరు తెలిశాక ఏమవుతుంది? అప్పటిదాకా మనని దాటి జారిపోయిన దాని దగ్గర ఒక్క క్షణం ఆగుతాం. ఇక్కడ అన్నదేమిటి, అందిందేమిటి, రెండింటికీ మధ్య ఎంత దూరం అని చూస్తాం. పేరు చేసే పని అదీ. మనల్ని ఆపుతుంది.

వ్యంజన గురించి చెప్పాను కాబట్టి మాటకున్న శక్తుల్లో దాని ముందున్న రెండింటినీ చెప్పాలి. అభిధ, లక్షణ. అభిధ అంటే మాట తన సొంత అర్థాన్ని తాను చెప్పడం, దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. లక్షణ చాలా సరదా అయినది. "గంగలో పల్లె" అన్నది శాస్త్రంలో ఉదాహరణ. గంగ అంటే ప్రవాహం. ప్రవాహం మీద పల్లె ఎలా ఉంటుంది? ఉండదు. సొంత అర్థానికి అడ్డు తగిలింది. దీన్ని ముఖ్యార్థ బాధ అంటారు. అప్పుడు దాన్ని ఆనుకుని ఉన్న ఒడ్డు అనే అర్థానికి వెళతాం. మరి ఒడ్డున పల్లె అనొచ్చు కదా, గంగలో అని ఎందుకనాలి? ఒడ్డున అంటే ఆ చల్లదనం, ఆ పావనత్వం రావు. అందుకని. మూడు మెట్లు ఉన్నాయి చూడండి. అడ్డు తగలాలి, సంబంధం ఉండాలి, రూఢో, అంటే వాడుకలో స్థిరపడడమో, ప్రయోజనమో ఉండాలి.

ఇక మన మాటలు వినండి. "నీకోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి." కళ్ళు కాయలు కాయడమేమిటి? "ఆ కబురు వినగానే గుండె చెరువయింది." "నోరు జారాను." "కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు." ఇవేవీ కవులు వేదికెక్కి చెప్పినవి కావు. రోజూ మనం అనేవే. వాడి వాడి వీటి అంచులు అరిగిపోయాయి, అందుకే అడ్డు తగలడం మనకు తెలియడం లేదు. ఒకసారి కొత్తగా వినండి. గుండె. చెరువు. కట్ట తెగడానికి సిద్ధంగా, నిండుగా, కదలకుండా ఉన్న నీళ్ళు. మొదటిసారి ఈ మాట అన్న మనిషి ఎవరో గానీ, నేను ఆ మనిషికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఇక ఉపమ కుటుంబం దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఉపమా, ఉత్ప్రేక్షా, రూపకమా అని వెతుక్కుంటారు. 'వలె' ఉంటే ఉపమ, 'ఏమో' ఉంటే ఉత్ప్రేక్ష అని గుర్తులు పెట్టుకుంటారు. గుర్తులు తప్పని అనను. కానీ గుర్తు ఎందుకు మారింది? కవి 'వలె' తీసేసి 'ఏమో' ఎందుకు పెట్టాడు?

చంద్రుడూ ముఖమూ వదిలేద్దాం, వాటిని వెయ్యిసార్లు విన్నాం. ఒక ఇంట్లో తండ్రి ఎక్కువ మాట్లాడడు. కూతురు పెద్దదయ్యాక ఆయన గురించి చెబుతోంది.

"నాన్న మౌనం గోడలా ఉండేది." ఇది ఉపమ. మౌనం వేరు, గోడ వేరు, మధ్యలో 'లా' నిలబడింది. చెప్పే మనిషికి కొంత దూరం వచ్చింది, నిదానంగా చూసి పోల్చగలుగుతోంది. నాకు ఈ వాక్యంలో ఆమె వయసు కూడా వినబడుతుంది.

"నాన్న మౌనం మా మధ్య లేచిన గోడేమో అనిపించేది." ఇది ఉత్ప్రేక్ష. ఇక్కడ ఆమెకి నిశ్చయం లేదు. ఆ 'ఏమో'లో చిన్నప్పటి పిల్ల ఉంది. తనకు అర్థం కానిదాన్ని ఊహతో తడిమి చూసుకుంటున్న పిల్ల. గోడ కాదేమో అన్న ఆశ కూడా ఆ 'ఏమో'లోనే ఉంది.

"నాన్న మౌనపు గోడ దాటలేకపోయాను." రూపకం. 'లా' పోయింది, 'ఏమో' పోయింది. రెండూ ఒకటైపోయాయి. ఒకటైపోయాయి కాబట్టే 'దాటడం' అనే మాట వచ్చింది. ఉపమలో గోడని చూస్తున్నాం, రూపకంలో గోడకి ఢీకొంటున్నాం.

"అది మౌనం కాదు, గోడ." అపహ్నవం. ఉన్నదాన్ని కాదని, లేనిదాన్ని అవునని చెప్పడం. ఇక్కడ నాకు ఎప్పుడూ ఒక ప్రశ్న వస్తుంది. 'కాదు' అని ఎవరితో అంటోంది? ఎవరో ఆమెతో "ఆయన మితభాషి అమ్మా, అంతే" అని ఉండాలి. చాలాసార్లే అని ఉండాలి. కనిపించని ఆ రెండో మనిషిని వాక్యంలోకి తెచ్చింది ఒక్క 'కాదు'. అపహ్నవం ఎక్కడ కనబడినా ఆ రెండో మనిషి కోసం వెతకండి, తరచుగా దొరుకుతాడు.

చివరిది. "ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ గోడ ముందే కాసేపు కూర్చుని వచ్చేదాన్ని." మౌనం అన్న మాటే లేదు. నాన్న అన్న మాటా లేదు. గోడ వాటిని మింగేసింది. రూపకాతిశయోక్తి అంటారు దీన్ని. ఉపమేయాన్ని మింగివేసి ఉపమానం ఒక్కటే మిగలడం. శాస్త్రంలో నిజంగానే 'మింగడం' అనే మాటే వాడారు, నిగరణం అని. మనిషి పోయి గోడే మిగిలిన ఇల్లు అది.

అయిదు వాక్యాలు. గోడ అదే, మౌనం అదే. ఇవన్నీ ఒకే అర్థానికి అయిదు వేషాలు అనుకుంటే పొరపాటు. చెప్పే మనిషి అయిదు చోట్ల నిలబడి చెబుతోంది. ఉపమ ఒక నటి వంటిది, రకరకాల పాత్రలు ధరించి కావ్యరంగం మీద ఆడుతుంది అని అప్పయ్య దీక్షితులు అనే ఆలంకారికుడు ఒక శ్లోకంలో అన్నాడు. ఆ మాట ఎంత అందంగా ఉందో! ఏ పాత్రలో ఉన్నా నటి ఒకతే అన్నది ఆయన చూపు. నేను అదే శ్లోకాన్ని పట్టుకుని, ఈ సన్నివేశంలో ఈ పాత్రే ఎందుకు వేసింది అని అడగమంటాను.

ఇక్కడే ఇంకో మాట. గ్రీకు సంప్రదాయంలో అరిస్టాటిల్, ఉపమ కూడా ఒక రకం మెటఫరే, తేడా కొద్దిగానే అన్నాడు. ఆయనకి మెటఫర్ మూలం, ఉపమ దాని కొమ్మ. మన అప్పయ్య దీక్షితులకి ఉపమ మూలం, మిగతావి దాని వేషాలు. మెటఫర్ అన్న మాటకి గ్రీకులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకుపోవడం అని అర్థం. రూపకం అంటే ఒకదాని రూపాన్ని ఇంకోదాని మీద పెట్టడం. అక్కడ మోయడం, ఇక్కడ తొడగడం. అందుకే మెటఫర్ అంటే రూపకం అని సమానం గుర్తు పెట్టేసి ఊరుకోవద్దంటాను. వాళ్ళు మెటఫర్ అనేవాటిలో మన లక్షణ ఉంటుంది, మన అతిశయోక్తి ఉంటుంది.

ఇప్పటిదాకా అర్థం గురించే మాట్లాడాను. శబ్దం సంగతి? చాలామంది శబ్దాలంకారాలని గారడీ అనుకుంటారు. చెవికి ఇంపుగా ఉంటాయి, అంతే అని. వాళ్ళకి నేను చెప్పే పద్యం ఒకటుంది. మీ అందరికీ వచ్చిందే. పోతన భాగవతం, గజేంద్ర మోక్షం. ఏనుగు మొర విని విష్ణువు ఉన్నపళంగా బయల్దేరాడు, లక్ష్మికి చెప్పలేదు. ఆమె వెనకే వస్తోంది. అడుగుదామని గబగబా నడుస్తుంది, అడిగినా చెప్పడని ఆగిపోతుంది, తడబడుతూ అడుగు వేస్తుంది, వేయదు.

అడిగెదనని కడువడిఁ జను
నడిగినఁ దన మగుఁడు నుడువఁడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

ఒకే హల్లు పదే పదే రావడం, వృత్త్యనుప్రాస అని అందరికీ తెలుసు. 'డ' ఎన్నిసార్లు వచ్చింది? నేను లెక్కపెట్టాను, గుణింతాలతో కలిపి 23 సార్లు. సరే, వచ్చింది. వస్తే ఏమిటి? ఒకసారి నాతో కలిసి నోటితో అనండి. సిడిముడి తడబడ. 'డ' పలకాలంటే నాలుక వెనక్కి మడిచి అంగిటికి తగిలించి దించాలి. మళ్ళీ మడవాలి, మళ్ళీ దించాలి. ఆమె కాళ్ళు ఏం చేస్తున్నాయో మన నాలుక అదే చేస్తోంది!

ఇంకా ఉంది. ఈ పద్యానికి గురులఘువులు వేసి చూడండి. లఘువంటే పొట్టిగా పలికే అక్షరం, గురువంటే నిలిపి పలికేది. ఇది కందపద్యం. మొదటి పాదంలో 12 అక్షరాలు, అన్నీ లఘువులే. పరుగే పరుగు. పద్యం మొత్తం మీద 60 లఘువులు, రెండే రెండు గురువులు. కందంలో రెండో పాదం చివరా నాలుగో పాదం చివరా గురువు పెట్టి తీరాలి, అది నియమం. పెట్టక తప్పని చోట తప్ప ఇంకెక్కడా గురువు లేదన్నమాట. ఆ మొదటి గురువు ఎక్కడ పడింది? "నడ యుడుగున్" దగ్గర. నడక ఆగిపోతుంది అన్న మాట మీద పడింది. ముప్ఫై లఘువులు పరిగెత్తి పరిగెత్తి, ఆమె ఆగినచోట పద్యం కూడా ఆగింది. పోతన లెక్క వేసుకుని రాశాడా, చెవి నడిపించిందా అని అడిగితే, నాకు ఆ రెంటికీ తేడా పెద్దగా కనబడదు. అంత సాధన ఉన్న చెవికి లెక్క వేరే అక్కర్లేదు.

చూశారా, వృత్త్యనుప్రాస అన్నది ఇందులో తలుపు మాత్రమే. గడప మీద నిలబడి పేరు చదువుకుని వెనక్కి వచ్చేస్తే లక్ష్మి మనకు కనబడదు.

పేర్ల విషయంలో చిక్కులు కొన్ని ఉన్నాయి, అవి గబగబా చెప్పేస్తాను. ప్రాస అంటే ఇవాళ మామూలుగా పాదాల చివర్లు కలవడం అనుకుంటున్నాం. పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. ఇప్పుడు చదివిన పద్యంలోనే ఉంది, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం 'డ'కారమే. చివర్లు కలిస్తే అది అంత్యప్రాస. యతి అంటే సంస్కృతంలో విరామం, ఆగే చోటు. మన తెలుగులో ఆ చోట అక్షరాలకు మైత్రి కుదరాలి, ఆగాలన్న పట్టు లేదు. రూపకం అంటే అలంకారమూ అవుతుంది, నాటకమూ అవుతుంది. ధ్వని అంటే చప్పుడూ అవుతుంది, ఇందాక చెప్పుకున్న వ్యంగ్యార్థమూ అవుతుంది. పుస్తకంలో ఈ మాట కనబడినప్పుడు ఏ అర్థంలో వాడారో చూసుకుని ముందుకు వెళ్ళండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ఇంకొక్క తగాదా చెప్పి ముగిస్తాను. నాకు చాలా ఇష్టమైన తగాదా. స్వభావోక్తి. ఉన్నదాన్ని ఉన్నట్టుగా, కళ్ళకు కట్టినట్టుగా చెప్పడం. దండి తన అర్థాలంకారాల పట్టికలో దీన్నే మొట్టమొదట పెట్టాడు. తర్వాత వచ్చిన కుంతకుడనే ఆలంకారికుడు ఒప్పుకోలేదు. వస్తువు స్వభావం అంటే అది దాని శరీరం కదా, శరీరమే అలంకారమైతే అది ఇక దేన్ని అలంకరిస్తుంది అన్నాడు. అని, ఎవరూ తన భుజం మీద తానే ఎక్కలేరు అన్నాడు! ఆ వాదన ముందు నిలబడడం కష్టం. అయినా నేను దండి పక్షమే. ఎందుకంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం అంత తేలిక కాదు. అడుగు వేయబోయి ఆగి, మళ్ళీ వేయబోయే మనిషిని చూడండి. "అడుగిడు నడుగిడదు." పోలిక లేదు, ఊహ లేదు. అడుగు వేస్తుంది, వేయదు. అంతే. ఆ రెండు మాటలు వెతికి పట్టుకోవడానికి ఎంత చూపు కావాలి? భామహుడు వార్త అని తోసేసిన సూర్యాస్తమయం కూడా, సరైన నోట్లో, సరైన వేళకి, అలాగే నిలబడుతుంది.

ఇందాక ఇక్కడికి వచ్చేటప్పుడు ఒకరు అడిగారు, మరి వాక్యం చూడగానే ఏం చెయ్యాలండీ అని. నేను చేసేది చెబుతాను. అలంకారం తీసేసి అదే వాక్యాన్ని చప్పగా చెప్పుకుంటాను. పైకి, గొంతెత్తి. తర్వాత అసలు వాక్యం చదువుతాను. రెండింటి మధ్య ఏం పోయిందో, ఏం వచ్చిందో నా మాటల్లో ఒక కాగితం మీద రాసుకుంటాను. పేరు ఆ తర్వాతే రాస్తాను. ఒక్కోసారి పేరు దొరకదు. దొరక్కపోయినా ఫరవాలేదు, కాగితం నిండింది కదా. నాట్యశాస్త్రం చెప్పిన భరతుడి నాటికి పేర్లు నాలుగే, ఉపమ, రూపకం, దీపకం, యమకం. 16వ శతాబ్దంలో అప్పయ్య దీక్షితుల దగ్గరికి వచ్చేసరికి నూరు దాటాయి. ఆ మధ్యలో ఎంతమంది ఎన్ని వాక్యాల దగ్గర ఆగి, ఇది ఇంకోలా ఉందే అనుకుని ఉంటారో!

నేను ఇక కూర్చుంటాను. మీ అందరి చేతుల్లో కాగితాలు ఉన్నాయి. సూర్యుడు అస్తమించాడు. మమ్మటుడు చెప్పనివి చెప్పండి. ఈ మాట పుస్తకం చివరి పేజీ చదువుతున్న పిల్లవాడు అంటే ఏమిటి? మంచం పట్టిన మనిషి కిటికీ వైపు చూస్తూ అంటే? పొద్దుటి నుంచీ గొడవపడి మాట్లాడుకోని ఇద్దరిలో ఒకరు, రెండో వాళ్ళతో, మొదటి మాటగా అంటే? ముందు వరుస నుంచి మొదలుపెడదాం. చెప్పమ్మా.